కూజా తీగకు బారసాల



తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్ళకి నెపెంథిస్ అనే మాట గుర్తుండే వుంటుంది. కీటకాహార మొక్కలకు ఉదాహరణలు రాయమంటే నెపెంథిస్, డ్రాసిరా, యుట్రిక్యులేరియా అని గడగడా రాసేసి మార్కులు తెచ్చుకున్న బాపతు మనమంతా. పుస్తకంలో నలుపు తెలుపు బొమ్మ కూడా వుండేది. ఆకు చివర ఓ తీగ, ఆ తీగ చివర మూతతో సహా ఓ కూజా. అందుకే దాన్ని కూజా మొక్క అన్నారు. కానీ దాన్ని నిజంగా చూసింది ఎంతమంది? మన దేశంలో అది మేఘాలయ కొండల వైపు తప్ప సహజంగా పెరగదు. పరీక్ష రాశాం, మర్చిపోయాం.

తమాషా ఏమిటంటే, ఇవాళ మనం కాపురం వుంటున్న ఈ సింగపూరు దీవిలో ఆ కూజా తీగలు మూడు రకాలు అడవిలో వాటంతట అవే పెరుగుతాయి. అందులో రెండు జాతుల కథ సరిగ్గా ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ జెండా పాతిన సంవత్సరంలోనే, 1819లో మొదలయింది. ఆ కథలో మన కాకినాడ, సామర్లకోట కూడా వస్తాయి. నేను పొద్దున్నించి సాయంత్రం దాకా చాంగీ బిజినెస్ పార్కులో కంప్యూటరు ముందు కూర్చునే మనిషిని, వృక్షశాస్త్రజ్ఞుణ్ణి కాదు. అయినా ఈ కథ మీతో పంచుకోవాలనిపించింది.

అన్నట్టు, చాంగీ అనే పేరు ఎలా వచ్చిందో తెలుసా? దానికి రెండు మూడు కథలున్నాయి. చెంగల్ అనే పెద్ద కలప చెట్టు పేరు మీద వచ్చిందని కొందరంటారు. చాంగీ ఊలార్ అనే పొద లాంటి తీగ ఒకటి ఇక్కడ విరివిగా పెరిగేదనీ, దాని పేరే ఊరికి వచ్చిందనీ ఇంకో కథనం. ఏది నిజమో ఎవరూ తేల్చలేదు. విమానాశ్రయం పుణ్యమా అని ప్రపంచమంతా పలికే పేరు ఒకవేళ ఓ తీగది అయితే, ఇవాళ చెప్పబోయే తీగ కథకి ఇంతకంటే మంచి చోటు వుండదు.

ఇక అసలు కథ. ముందు ఓ నలభై ఏళ్ళు వెనక్కి, మన గోదావరి జిల్లాకి వెళ్ళాలి.

యోహాన్ గెర్హార్డ్ కొనిగ్ అని ఒకాయన వుండేవాడు. మొక్కలకీ జంతువులకీ రెండు మాటల లాటిన్ పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరచిన స్వీడన్ దేశపు లిన్నేయస్ గారి శిష్యుడు. 1768లో తరంగంబాడికి వచ్చాడు. ఆర్కాటు నవాబు దగ్గర కొన్నాళ్ళు, తర్వాత ఈస్టిండియా కంపెనీలో కొన్నాళ్ళు మొక్కల పని చేశాడు. మధ్యలో సయాం, మలాకా జలసంధి దాకా వెళ్ళి వచ్చాడు. చివరికి 1785లో మన కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. ఆయన పేరు మీరు వినలేదనుకుంటున్నారు కదా? రోజూ పోపులో వేస్తున్నారు. కరివేపాకు శాస్త్రీయ నామం ముర్రయా కొనిగీ. ఇప్పుడు బెర్గెరా కొనిగీ అనే పాత పేరుకే మళ్ళీ తిప్పారు. ఏదైనా కొనిగ్ మాత్రం ఎక్కడికీ పోలేదు.

కొనిగ్ చివరి రోజుల్లో దగ్గరున్న డాక్టరు విలియం రాక్స్‌బర్గ్. ఈయన 1781 నుంచి సామర్లకోటలో వున్నాడు. కంపెనీ డాక్టరే గానీ మనసంతా మొక్కల మీదే. అక్కడ తోట వేసి మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క పెంచి చూశాడు. స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించి లండనుకి పంపాడు. అవే తర్వాత కోరమాండల్ తీరపు మొక్కల మీద మూడు వందల చిత్రాలతో మూడు పెద్ద సంపుటాలుగా 1795 నుంచి 1820 దాకా అచ్చయ్యాయి. ఆయన రాతల్లో మొక్కల పేర్ల పక్కన తెలుగు పేర్లు కూడా వుంటాయి. అంటే ఊళ్ళోవాళ్ళని, వైద్యుల్ని, చెట్ల మందులు తెలిసినవాళ్ళని అడిగి రాసుకున్నాడన్నమాట. చెప్పినవాళ్ళ పేర్లు మాత్రం మనకి దక్కలేదు. పాపం ఇంజరంలో వచ్చిన ఉప్పెనలో రాక్స్‌బర్గ్ తన పుస్తకాలు, కాయితాలు, ఎండబెట్టిన మొక్కలు పోగొట్టుకుని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనికి జోడీ కథ ఒకటి ముందుంది.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా బొటానికల్ గార్డెనుకి అధిపతిగా వెళ్ళాడు. ఆయన తర్వాత కొంతకాలానికి ఆ కుర్చీలోకి వచ్చినవాడు డెన్మార్కు దేశస్థుడు నథానియల్ వాలిచ్. ఆ వాలిచ్ దగ్గరికి 1818లో ఒక ఇరవైమూడేళ్ళ కుర్ర డాక్టరు వచ్చాడు. పేరు విలియం జాక్. సామర్లకోటలో మొదలైన ఆ పరంపర ఈ కుర్రాడి చేతుల మీదుగా సింగపూరు చేరింది.

జాక్ స్కాట్లండులోని అబర్డీన్‌లో 1795లో పుట్టాడు. పదహారేళ్ళకే ఎం.ఏ. అయిపోయింది. మన ఇళ్ళల్లో అయితే ఈ ముక్క చెప్పి పిల్లల్ని సాధించేవాళ్ళం. 1813లో కంపెనీ డాక్టరుగా బెంగాలు వచ్చి, నేపాలు యుద్ధంలో పనిచేసి, తీరిక దొరికినప్పుడల్లా మొక్కలు పోగుచేసేవాడు. కలకత్తాలో వాలిచ్ ఇంట్లోనే స్టాంఫర్డ్ రాఫెల్స్ కంట్లో పడ్డాడు. రాఫెల్స్ అప్పుడు సుమత్రా దీవిలోని బెంకూలెన్‌కి గవర్నరు, మొక్కలన్నా జంతువులన్నా పిచ్చి. నాతో వచ్చెయ్యి అన్నాడు. జాక్ వెళ్ళాడు.

1819 జనవరి నెలాఖరులో రాఫెల్స్ మొదటిసారి సింగపూరులో దిగినప్పుడు జాక్ పినాంగులో వుండిపోయాడు. అదే ఏడాది రాఫెల్స్ రెండోసారి వచ్చినప్పుడు, మే నెలాఖరు నుంచి జూన్ అంతా, వెంట వచ్చాడు. సుమారు నెలరోజులు. ఆ నెలలో కుర్రాడు చూసిన అడవిని మనం ఊహించుకోవడం కష్టం. ఇవాళ షాపింగ్ మాల్స్ వున్న చోట దీవి అంతా ఒకే పచ్చటి గోడ. ఆ పొదల్లో, చెట్లకి ఎగబాకుతూ, కూజాలు వేలాడేసుకుని ఓ తీగ. కొన్ని కూజాలు నేల దగ్గర పొట్టిగా లావుగా, పైకి పోయినకొద్దీ పొడుగ్గా గరాటుల్లా. ఒకే మొక్క మీద రెండు ఆకారాలు.

ఇక్కడ ఒక మాట. జాక్ ఆ మొక్కని కనుక్కున్నాడు అనడం నాకు ఇష్టం వుండదు. మలయ్‌వాళ్ళు దాన్ని ఎప్పట్నించో ఎరుగుదురు. పెరియుక్ కెరా అంటారు, అంటే కోతి కుండ. పొట్టి కూజాల్లో బంక బియ్యం, కొబ్బరిపాలు పోసి ఆవిరి మీద ఉడికించుకు తినే అలవాటు కూడా వుంది. కాబట్టి జాక్ చేసింది కనుక్కోవడం కాదు, బారసాల. అది చిన్న పనేమీ కాదు.

కొత్త జాతికి పేరు పెట్టడమంటే ఏదో ముద్దు పేరుతో పిలవడం కాదు. ముందు దానికి దగ్గర చుట్టాలు ఎవరో తేల్చాలి. ఆకు ఎలా వుంది, తీగ ఎంత లావు, పువ్వులో ఏమున్నాయి, కాయ ఎలా పగులుతుంది, ఇది ఇంతకు ముందు ఎవరూ రాసిన దానితో ఎక్కడ తేడాగా వుంది, ఇవన్నీ రాయాలి. దాన్ని అచ్చువేసి పదిమందికీ అందేలా చెయ్యాలి. అచ్చు కాని పేరు చెల్లదు. ఇప్పుడైతే ఒక ఎండబెట్టిన నమూనాని మూలంగా చూపించి, అది ఫలానా హెర్బేరియంలో దాచామని కూడా రాయాలి. రేపు అనుమానం వస్తే వెళ్ళి చూసుకోవాల్సింది ఆ నమూనానే. ఒకప్పుడు వర్ణన లాటిన్‌లోనే వుండాలనే నియమం వుండేది. 1935లో మొదలై 2011తో అది పోయింది. ఇప్పుడు ఇంగ్లీషులో రాసినా చెల్లుతుంది, ఇంటర్నెట్టులో వేసినా చెల్లుతుంది. మా ఐటీ భాషలో చెప్పాలంటే ప్రతి జాతికీ ఒకే ఒక్క ఐడీ వుండాలి, ఒకే ఐడీ ఇద్దరికి ఇవ్వకూడదు, ఒకరికే రెండు ఇచ్చేస్తే పాతదే నిలుస్తుంది.

జాక్ ఒక కూజా తీగకి నెపెంథిస్ రాఫ్లీసియానా అని పేరు పెట్టాడు. ఎవరి పేరో చెప్పక్కర్లేదు కదా. బాసు పేరు పెట్టడం ఆ రోజుల్లోనూ వుంది! కుండలా గుండ్రంగా వున్న రెండో దానికి ఆంపులారియా అని పెట్టాడు, లాటిన్‌లో బుడ్డి అని అర్థం. ఈ సంగతులన్నీ ఇంటికీ, కలకత్తాలో వాలిచ్‌కీ ఉత్తరాలు రాస్తుండేవాడు. తర్వాత బెంకూలెన్ వెళ్ళి, అక్కడి ప్రెస్సులో 1820 నుంచి వచ్చిన చిన్న సంచికల్లో చాలా మలయ్ మొక్కల వర్ణనలు అచ్చువేశాడు. కానీ కూజా తీగల వంతు రాలేదు.

ఆరోగ్యం పాడయింది. సుమత్రా అడవుల్లో తిరిగి తిరిగి జ్వరాలు, దాని మీద ఊపిరితిత్తుల జబ్బు. గాలి మార్పు కోసం ఓడ ఎక్కించారు. 1822 సెప్టెంబరు 15న, బెంకూలెన్ రేవు దాటకముందే ఆ ఓడలోనే పోయాడు. ఇరవైయేడేళ్ళు. అదే ఏడాది వాలిచ్ సింగపూరు వచ్చి వున్నాడు. రాఫెల్స్‌తో కలిసి ఇప్పటి ఫోర్ట్ కానింగ్ కొండ మీద మొదటి బొటానికల్ గార్డెనుకి స్థలం చూశాడు. ఈ దీవి మొక్కల గురించి ఆయనకి ఉత్తరాలు రాసిన కుర్రాడు మాత్రం లేడు.

అంతటితో అయిపోలేదు. జాక్ కాయితాలు, ఎండబెట్టిన మొక్కల్లో ఎక్కువ భాగం రాఫెల్స్ దగ్గరే వుండిపోయాయి. 1824 ఫిబ్రవరి 2న రాఫెల్స్ తన సంపాదన అంతా, వేల బొమ్మలు, రాతప్రతులు, బతికున్న జంతువులతో సహా, ఫేమ్ అనే ఓడలో ఎక్కించి ఇంగ్లండుకి బయల్దేరాడు. ఆ రాత్రే ఓడలో ఒక నౌకరు దీపం పట్టుకుని బ్రాందీ పీపా దగ్గరికి వెళ్ళడంతో మంట అంటుకుంది. మనుషులు పడవల్లో బయటపడ్డారు. మిగతాదంతా బూడిద. ఇంజరంలో నీళ్ళు చేసిన పని ఇక్కడ నిప్పు చేసింది.

ఆఫీసులో ఎవరైనా బ్యాకప్ తీసుకోకుండా పని చేస్తుంటే నాకు ఫేమ్ ఓడ గుర్తుకొస్తుంది. అసలు కాపీ, నకలు కాపీ ఒకే ఓడలో ఎక్కించకూడదు. అదృష్టవశాత్తూ జాక్‌కి తెలియకుండానే అతని బ్యాకప్ వేరే వూళ్ళల్లో వుంది. ఇంటివాళ్ళకి రాసిన ఉత్తరాలు, స్నేహితులకి పంపిన రాతలు దక్కాయి. గ్లాస్గోలో విలియం హుకర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు వాటిని తీసుకుని, జాక్ జీవిత సంగ్రహంతో సహా 1835లో తన పత్రికలో వేశాడు. రాఫ్లీసియానా, ఆంపులారియా రెండూ అప్పుడు లోకంలోకి వచ్చాయి. అడవిలో చూసిన పదహారేళ్ళకి, చూసినవాడు పోయిన పదమూడేళ్ళకి. పెట్టినవాడి పేరు మాత్రం జాక్ అనే వుంటుంది. ఇవాళ్టికీ. వాలిచ్‌కి రాసిన ఉత్తరాలు ఇంకా ఆలస్యంగా, 1916లో, ఇక్కడి రాయల్ ఏషియాటిక్ సొసైటీ శాఖ పత్రికలో బర్కిల్ అనే ఆయన అచ్చువేశాడు.

ఈలోగా దీవిలో ఏం జరుగుతోంది? అడవి మాయమైపోతోంది.

ఆ పని చేసింది మరో రెండు తీగలే కావడం చిత్రం. ఒకటి గంబీర్, రెండోది మిరియం. గంబీర్ ఆకుల్ని పెద్ద పెద్ద మూకుళ్ళలో ఉడకబెట్టి రసం గట్టిపరిస్తే మన తాంబూలంలో వేసే కాచు లాంటి పదార్థం వస్తుంది. తోలు ఊనడానికి, రంగులకి యూరపులో గిరాకీ పెరిగింది. ఉడకబెట్టగా మిగిలిన ఆకు పిప్పి మిరియాల తీగలకి ఎరువు. అందుకని చైనా రైతులు రెండూ కలిపి వేసేవాళ్ళు. పొయ్యిలోకి కట్టెలు కావాలి, కట్టెలకి అడవి కావాలి. పదిహేను ఇరవై ఏళ్ళకి నేల సారం పోతే ఆ తోట వదిలేసి కొత్త అడవి నరకడం, చివరికి జలసంధి దాటి జోహోరు పోవడం. 1880ల్లో గార్డెను అధికారి కాంట్లీ లెక్క చూసేసరికి దీవిలో పాత అడవి పది శాతం కూడా మిగల్లేదు. బుకిట్ తీమా కొండ లాంటి చోట్ల మిగిలింది ఆ తర్వాత పెట్టిన రిజర్వుల పుణ్యం.

మరి కూజా తీగ చచ్చిపోవాలి కదా? పూర్తిగా పోలేదు. ఇక్కడే నాకు ఈ మొక్క మీద గౌరవం పెరిగింది. సారం పోయిన ఆ గంబీర్ నేలల్లో పులుపు ఎక్కువ, నత్రజని తక్కువ. మామూలు మొక్కలు బతకలేవు. అడినాండ్రా అనే ఓ మొండి చెట్టు, దాని నీడలో కూజా తీగలు బతికాయి. నేలలో లేని నత్రజనిని పురుగుల్లోంచి తీసుకుంటుంది కాబట్టి దానికి బీద నేల భయం లేదు. అంచు మీద తేనె, లోపల జారుడు గోడ, అడుగున జీర్ణరసం. చీమ జారిందా, ఇక అంతే. ఆంపులారియా అయితే ఇంకా పొదుపు. దాని మూత పక్కకి వాలిపోయి కూజా నోరు ఆకాశానికి తెరుచుకుని వుంటుంది, పైనుంచి రాలిన ఆకుల చెత్త పడితే దాన్నే కుళ్ళబెట్టుకుని తింటుంది. మాంసాహారి కుటుంబంలో పుట్టి శాకాహారం వైపు మళ్ళిన మనిషన్నమాట.

కానీ బీద నేల మీద బతకగలిగింది కాంక్రీటు మీద బతకలేదు కదా. వదిలేసిన తోటల్ని తర్వాతి కాలంలో ఇళ్ళు, రోడ్లు మింగాయి. రాఫ్లీసియానా సుమత్రాలో, బోర్నియోలో, మలయాలో ఇంకా బాగానే వుంది. జాక్ మొదట దాన్ని చూసిన సింగపూరులో మాత్రం ప్రమాదంలో వున్న మొక్కల లెక్కలోకి వచ్చింది.

పేరు పెట్టడం రెండు వందల ఏళ్ళ కిందటి ముచ్చట అనుకోకండి. బోర్నియోలో ఒక పొడుగు కూజా తీగని చాలాకాలం రాఫ్లీసియానాలోనే ఓ రకం అనుకున్నారు. అందులో పురుగులు పెద్దగా పడవు. ఎందుకు పడవా అని చూస్తే, చిన్న గబ్బిలాలు పగలు అందులో దూరి నిద్రపోతున్నాయి. వాటి రెట్టే దానికి ఎరువు. ఆకులోని నత్రజనిలో మూడో వంతు అలా వచ్చిందేనని 2011లో తేల్చారు. అదే ఏడాది దాన్ని వేరే జాతిగా గుర్తించి బరామెన్సిస్ అని కొత్త పేరు పెట్టారు. రెండేళ్ళకి పాత పుస్తకాలు తిరగేస్తే 1908లోనే మక్‌ఫర్లేన్ అనే ఆయన దానికి హెమ్స్‌లియానా అని పేరు పెట్టేసి వున్నాడు. నియమం ప్రకారం పాత పేరే గెలిచింది. ఇందులో నవ్వుకోవడానికేమీ లేదు. వేరే పేరు లేనన్నాళ్ళూ ఆ మొక్క రాఫ్లీసియానా లెక్కలో కలిసిపోయింది. అది ఎన్ని చోట్ల వుంది, ఎన్ని పోయాయి అని విడిగా లెక్క తీసే దారే లేదు. ప్రమాదంలో వున్న జాతుల జాబితాలో చేర్చాలంటే ముందు దానికి పేరుండాలి.

అయితే పేరుకి రెండో వైపు కూడా వుంది. కూజా తీగల్ని పెంచే సరదా జపాను నుంచి అమెరికా దాకా వుంది, దానికి డబ్బు పెట్టేవాళ్ళున్నారు. కొత్త జాతి ఫలానా కొండ మీద దొరికిందని అచ్చయితే, మర్నాడు సంచులు పట్టుకుని కొండెక్కేవాళ్ళు తయారు. బోర్నియోలో కెలాం అనే ఒకే ఒక్క రాతి కొండ మీద పెరిగే క్లిపియాటా జాతికి 1928లో పేరు పెట్టారు. ఇవాళ అడవిలో దాదాపు అంతరించే స్థితిలో వుంది, దొంగతనంగా పీక్కుపోవడం దానికి పెద్ద కారణం. అందుకే ఇప్పుడు చాలామంది శాస్త్రజ్ఞులు వర్ణనలో అన్నీ రాసి, దొరికిన చోటు మాత్రం కావాలని అస్పష్టంగా వదిలేస్తున్నారు. జాక్ కాలంలో ఎక్కడ చూశావో రాయడం నిజాయితీ. ఇప్పుడు రాయకపోవడం బాధ్యత అయింది. 2022లో ఉత్తర కాలిమంటాన్ కొండల నుంచి పుడికా అనే జాతిని వర్ణించారు. పుడికా అంటే బిడియస్తురాలు. దాని కూజాలు భూమి లోపల, నాచు కింద దాక్కుంటాయి. వర్ణించిన ఆ వ్యాసంలోనే అది తీవ్ర ప్రమాదంలో వున్న జాతి అని కూడా రాయాల్సి వచ్చింది. బారసాల రోజునే ఆయుష్షు గురించి భయపడటం అన్నమాట.

ఇక మన ఇళ్ళ సంగతి. ఇండియా నుంచి అమ్మానాన్నలు, అత్తమామలు వచ్చినప్పుడు సెంటోసా, గార్డెన్స్ బై ద బే తిప్పుతాం. ఆ గార్డెన్సులో క్లౌడ్ ఫారెస్ట్ గాజు మేడలో కూజా మొక్కలున్నాయి, పిల్లలకి అక్కడ చూపించండి. నర్సరీల్లో కుండీ మొక్కలు కూడా దొరుకుతాయి, అవి పెంపకంలో పుట్టినవి, ఇబ్బంది లేదు. కానీ సరదాపడి సూట్‌కేసులో పెట్టుకుని ఇండియా పట్టుకెళ్ళకండి. కూజా తీగల జాతులన్నీ అంతర్జాతీయ ఒప్పందం కింద వున్నవే, పర్మిట్ లేకుండా దేశం దాటించకూడదు. ఇక్కడి పార్కుల్లో, రిజర్వుల్లో మొక్క కోయడం కూడా నేరమే.

అడవిలో చూడాలనుకుంటే కెంట్ రిడ్జ్ పార్కు వుంది. మాలాగ తూర్పు వైపు వుండేవాళ్ళకి ఇంకా దగ్గర దారి చాంగీ విలేజ్ జెట్టీ నుంచి పులావ్ ఊబిన్. పన్నెండు మంది పోగయితే బోటు వాడు బయల్దేరతాడు, పది నిమిషాల ప్రయాణం. అక్కడ ఎక్కువగా కనిపించేది మూడో జాతి, గ్రాసిలిస్. సన్నటి తీగ, వేలెడంత కూజాలు. దారి పక్క ఎండ తగిలే పొదల్లో వెతకండి. వాన పడుతున్నప్పుడు కనిపిస్తే మీరు అదృష్టవంతులు. ఆ కూజా మూత అడుగున నిలబడి తేనె నాకుతున్న చీమ మీద పైనుంచి వాన చినుకు పడితే, మూత టక్కుమని కదిలి చీమ లోపలికి పడిపోతుంది. వానని వేటకి వాడుకునే మొక్క. పిల్లల్ని దగ్గరగా చూడమనండి, చేత్తో ముట్టుకోవద్దనండి.